మిట్ట దాచిన రోడ్డు: ‘వర్టికల్ కర్వ్స్ ఫర్ హైవేస్’ గ్రంథ పరిశీలన

రోడ్డునకు రెండు విధములైన వంపులు కలవు. కుడికో ఎడమకో తిరుగునది మొదటిది. దానిని అందరును మలుపు అందురు. రోడ్డు ఎత్తు ఎక్కి మరల దిగునపుడు గాని, పల్లమునకు దిగి మరల ఎక్కునపుడు గాని ఆ రెండు వాలులను కలుపునది రెండవది. దీనిని నిలువు వంపు అనవచ్చును. మలుపు దూరము నుండియే కనబడును గనుక డ్రైవరు ముందుగనే వేగము తగ్గించుకొనును. నిలువు వంపు అట్టిది కాదు. మిట్ట మీదికి ఎక్కుచున్న డ్రైవరునకు రోడ్డు తిన్నగా పోవుచున్నట్లే తోచును. దాని ఆవలి భాగము మాత్రము కనబడదు. అక్కడ ఏమున్నదో తెలియకయే అతడు వేగముగా పోవుచుండును. ఈ వంపులో గల అపాయమంతయు ఇదియే.

ఇట్టి వంపులను ఏ లెక్క ప్రకారము నిర్మింపవలెనో తెలుపుటకు ఇండియన్ రోడ్స్ కాంగ్రెస్ 1983లో ‘వర్టికల్ కర్వ్స్ ఫర్ హైవేస్’ అను గ్రంథమును తన ప్రత్యేక ప్రచురణలలో 23వ దానిగా వెలువరించెను. 1934లో ఏర్పడిన ఈ సంస్థ భారతదేశములో రోడ్ల నిర్మాణమునకు ప్రమాణములను నిర్ణయించుచున్నది. గ్రంథము ఇంజనీర్ల కొరకు వ్రాయబడినను, దానిలోని గణితము హైస్కూలు విద్యార్థికి అందనిది కాదు. వాలు, వర్గమూలము, స్పర్శరేఖ తెలిసినవారు దానిని అనుసరింపగలరు. అయితే ఈ తేలికైన లెక్క వెనుక మనుష్యులు చేసిన కొన్ని నిర్ణయములు ఉన్నవి. ఆ నిర్ణయములను విడదీసి చూచినగాని గ్రంథము యొక్క బలము గాని, దానిని వాడుటలో కలుగు పొరపాటు గాని బోధపడదు.

పరావలయము ఎందుకు?

ఒక ఉదాహరణము తీసికొనవచ్చును. ఒక రోడ్డు నూరు మీటర్లకు 2 మీటర్ల చొప్పున ఎక్కి, తరువాత నూరు మీటర్లకు 2.5 మీటర్ల చొప్పున దిగుచున్నది. ఎక్కుడు నుండి దిగుడునకు కలిగిన మార్పు మొత్తము నూటికి 4.5, అనగా 0.045. దీనిని వాలు భేదము అందురు. ఈ మార్పును ఒక్కచోటనే చేసినచో రోడ్డు మీద ఇంటి కప్పు కొప్పు వంటి కొన ఏర్పడును. అట్లు కాక, కొంత పొడవున క్రమక్రమముగా మార్చుటయే నిలువు వంపు. ఎంత పొడవున మార్చవలెను అనునదే గ్రంథములోని ముఖ్యమైన ప్రశ్న.

వంపు ఆకారము పరావలయముగా ఉండవలెనని ఇంజనీర్లు అంగీకరించిరి. పరావలయముపై ముందుకు పోవుచున్నపుడు ప్రతి మీటరుకును వాలు ఒకే పరిమాణములో మారును. కావున ఎచ్చటను అకస్మాత్తుగా కుదుపు ఉండదు. అదిగాక, వంపుపై ఏ చోట ఎంత ఎత్తు ఉండవలెనో ఒక్క వర్గముతో లెక్క కట్టవచ్చును. రోడ్డు వాలులు స్వల్పములగుటచే ఈ పరావలయము వృత్తఖండము నుండి దాదాపు భిన్నముగా ఉండదు. వంపు పొడవును వాలు భేదముచే భాగించినచో ఆ వృత్తము యొక్క వ్యాసార్ధము లభించును.

మిట్ట ఎక్కినపుడు కడుపులో కలిగెడు తేలిక భావమును తగ్గించుటకే వంపును పొడిగింతురని కొందరు తలంతురు. పైన చెప్పిన రోడ్డుపై వేగము గంటకు 100 కిలోమీటర్లైనచో, ప్రమాణము కోరు కనీసపు పొడవు 331 మీటర్లు. దాని వ్యాసార్ధము 7,360 మీటర్లకు పైగా ఉండును. అంత పెద్ద వృత్తముపై ఆ వేగముతో పోవు వాహనమునకు కలుగు అపకేంద్ర త్వరణము గురుత్వ త్వరణములో సుమారు 94వ వంతు మాత్రమే. ప్రయాణికునకు అది తెలియనే తెలియదు. కావున మిట్ట వంపు పొడవును నిర్ణయించునది సుఖము కాదు, చూపు.

4.4 అను సంఖ్య ఎచ్చటిది?

గంటకు 100 కిలోమీటర్ల వేగముతో పోవు వాహనము సెకనుకు 27.8 మీటర్లు సాగును. అపాయము కంటబడిన తరువాత దానిని గ్రహించి బ్రేకుపై కాలు వేయుటకు డ్రైవరునకు 2.5 సెకనులు పట్టునని ప్రమాణము. ఆ కాలములో వాహనము 70 మీటర్లు పోవును. తరువాత ఘర్షణ గుణకము 0.35 చొప్పున, బ్రేకు పడినది మొదలు ఆగువరకు మరి 112 మీటర్లు పోవును. మొత్తము 182, దీనిని సవరించి 180 మీటర్లుగా వాడుదురు. ఇది ఆగుటకు కావలసిన దృష్టి దూరము. దీనినే ఇకమీద ఆగు దూరము అనవచ్చును.

ఇక చూచు కన్ను ఎంత ఎత్తున ఉన్నది? చూడదగిన వస్తువు ఎంత ఎత్తుది? కన్ను రోడ్డునకు 1.2 మీటర్ల ఎత్తునను, వస్తువు 15 సెంటీమీటర్ల ఎత్తునను ఉన్నవని గ్రంథము స్వీకరించును. ఈ రెండు సంఖ్యల నుండియే ప్రసిద్ధమైన సూత్రము వచ్చినది. దృష్టి దూరము యొక్క వర్గమును వాలు భేదముచే గుణించి 4.4చే భాగించినచో వంపు పొడవు లభించును. (వంపు పొడవు దృష్టి దూరము కంటె ఎక్కువైనపుడు ఈ సూత్రము, తక్కువైనపుడు వేరొక సూత్రము కలదు.) ఉదాహరణములో 180 యొక్క వర్గము 32,400, దానిని 0.045చే గుణించగా 1,458, 4.4చే భాగించగా 331 మీటర్లు.

ఈ 4.4ను కంఠస్థము చేయుట కంటె దాని పుట్టుకను తెలిసికొనుట మేలు. వంపుపై ఒక బిందువు వద్ద స్పర్శరేఖ గీయవలెను. ఆ బిందువు నుండి ఇరువైపుల దూరము పోయిన కొలది రోడ్డు ఆ రేఖకు క్రిందుగా దిగిపోవుచుండును. దిగిన లోతు, దూరము యొక్క వర్గమును వ్యాసార్ధమునకు రెట్టింపుచే భాగించినంత. డ్రైవరు చూపు మిట్టను తాకుచు ఆవలికి పోవునపుడు ఆ చూపురేఖయే స్పర్శరేఖ. రేఖ తాకిన చోటికి ఈవల కన్ను 1.2 మీటర్ల ఎత్తున ఉండగల దూరము, ఆవల 15 సెంటీమీటర్ల రాయి కనబడగల దూరము, ఈ రెండింటి మొత్తమే దృష్టి దూరము. 331 మీటర్ల వంపులో మొదటి దూరము 133 మీటర్లు. రెండవది 47 మీటర్లు. రెండును కలిసి 180.

ఈ విభజనలోనే విమర్శకు మూలమున్నది. డ్రైవరు రోడ్డు ఉపరితలమును చూడగలుగునది 133 మీటర్ల వరకే. అచ్చటనుండి చివరి 47 మీటర్లలో అతనికి రోడ్డు కనబడదు; రోడ్డుపై నిలిచియున్న వస్తువుల తలలు మాత్రమే కనబడును.

కనబడని రెండు అపాయములు

మొదటిది గుంట. గుంటకు ఎత్తు లేదు. కావున అది 180 మీటర్ల దూరమున కాక 133 మీటర్ల దూరముననే కంటబడును. 100 కిలోమీటర్ల వేగముతో వచ్చు డ్రైవరు దానిని చూచిన క్షణముననే బ్రేకు వేయదలచినను, 70 మీటర్లు ఆలోచనకే పోవును. బ్రేకునకు మిగులునది 63 మీటర్లు. లెక్క వేయగా వాహనము గుంటను చేరునప్పటికి ఇంకను గంటకు 66 కిలోమీటర్ల వేగము కలిగియుండును. రోడ్డు అంచు కొట్టుకొనిపోయిన చోటు, వానకు విరిగిన తారు, ఒరిగిన లారీ నుండి కారిన నూనె, రోడ్డుపై పలుచగా ఆరబోసిన వడ్లు, ఇవి అన్నియు ఈ కోవకే చెందును. ప్రమాణములోని 15 సెంటీమీటర్ల వస్తువు చెడిపోయిన లారీ చక్రము వెనుక పెట్టి, తరువాత అచ్చటనే వదలివేసిన రాతిని జ్ఞప్తికి తెచ్చును. అట్టి రాళ్లు రోడ్లపై నిజముగనే ఉన్నవి గనుక 15 సెంటీమీటర్ల ఊహ తప్పు కాదు. కాని అది అన్ని అపాయములకును ప్రతినిధి కాజాలదు.

రెండవది ఎదురుగా వచ్చు వాహనము. మధ్య గట్టు లేని రెండు వరుసల రోడ్డుపై ఒక డ్రైవరు మిట్ట వద్ద ముందున్న లారీని దాటబోయి కుడివైపునకు వచ్చెననుకొనవలెను. అతని కన్ను 1.2 మీటర్ల ఎత్తున, ఎదుటివాని కన్ను 1.2 మీటర్ల ఎత్తున ఉండును. 331 మీటర్ల వంపులో ఇద్దరును పరస్పరము చూడగలుగు దూరము 133కు రెట్టింపు, అనగా 266 మీటర్లు. ఇద్దరును ఆగవలెనన్నచో కావలసినది 180కి రెట్టింపు, అనగా 360 మీటర్లు. ఇంకను 94 మీటర్లు తక్కువ. ఇద్దరును ఒకే క్షణమున బ్రేకు వేసినను, కలిసికొనునప్పటికి ఒక్కొక్కరి వేగము గంటకు 66 కిలోమీటర్లు ఉండును. ఎదుట వచ్చునది లారీ అయినచో దాని పైభాగము ఇంకను ముందుగనే కనబడు మాట నిజము. కాని ప్రమాణము ఎదుటి వస్తువు ఎత్తును 1.2 మీటర్లుగనే లెక్కించుచున్నది. కారును, ఆటోను, మోటారు సైకిలును దృష్టిలో ఉంచుకొనినచో అట్లు లెక్కించుట సమంజసము.

కావున ఒక ఇంజనీరు 4.4 సూత్రమును తప్పులేకుండ వాడి, ప్రమాణము కోరిన కనీసపు పొడవును ఒక్క మీటరు తగ్గింపక నిర్మించినను, ఆ మిట్ట ఈ రెండు అపాయములకును తగిన రక్షణ ఇయ్యదు.

రెండింటికి ఒకే విరుగుడు

గ్రంథము ఈ విషయమును బొత్తిగా విస్మరింపలేదు. భారతీయ ప్రమాణములలో మూడు దృష్టి దూరములు కలవు. ముందున్న వాహనమును దాటిపోవుటకు కావలసినది అన్నింటికంటె పెద్దది. 100 కిలోమీటర్ల వేగమునకు అది 640 మీటర్లు. ఆగు దూరము 180 మీటర్లు, కనీసము. ఈ రెంటికిని నడుమ, ఆగు దూరమునకు రెట్టింపైన 360 మీటర్లను మధ్యస్థ దృష్టి దూరము అందురు. మధ్య గట్టు లేని రోడ్లపై మొదట దాటు దూరమునకు యత్నింపవలెను. అది సాధ్యపడనిచోట మధ్యస్థ దూరమును పాటింపవలెను. ఆగు దూరము తప్పనిసరి కనీసముగా ఉండవలెను. 1980 నాటి రోడ్ల రూపకల్పన ప్రమాణములలోని క్రమము ఇది. పెద్ద దూరములు రెండింటికిని 4.4కు బదులు 9.6 భాజకముగా ఉండును, ఏలయనగా అచ్చట రెండువైపుల ఎత్తును 1.2 మీటర్లే.

మధ్యస్థ దూరముతో ఉదాహరణమును మరల లెక్కింపవలెను. 360 యొక్క వర్గము 1,29,600, 0.045చే గుణించి 9.6చే భాగించగా 607.5 మీటర్లు వచ్చును. ఇప్పుడు వేరొక లెక్క చేయవలెను. రోడ్డు ఉపరితలమే, అనగా ఎత్తు సున్న అయిన వస్తువే 180 మీటర్ల దూరమున కనబడవలెనని కోరినచో భాజకము 2.4 అగును. 1,458ని 2.4చే భాగించగా మరల 607.5 మీటర్లే వచ్చును.

రెండు లెక్కలకును ఒకే ఫలితము వచ్చుట కాకతాళీయము కాదు. సమానమైన ఎత్తున గల రెండు కండ్లను కలుపు చూపురేఖ వారి నడుమ సరిగా సగము దూరమున రోడ్డును తాకును. 360లో సగము 180. అనగా ఎదుటి డ్రైవరును రెట్టింపు ఆగు దూరమున చూడగల మిట్టపై, రోడ్డు ఉపరితలమును ఆగు దూరమున చూడగలుగుట తప్పనిసరి. ఒక లెక్క రెండవ దానిని తనలో ఇముడ్చుకొనియున్నది. ఎదురు వాహనము నుండి రక్షణ కోరినవారికి గుంట నుండి రక్షణ కూడ లభించును.

ఇచ్చటనే ప్రమాణముల రచనపై ఒక అభ్యంతరమును చెప్పవలసియున్నది. మధ్యస్థ దూరమును సమర్థించుటకు 1976 నాటి దృష్టి దూరముల ప్రమాణము చూపిన కారణము, దాని వలన డ్రైవర్లకు జాగ్రత్తతో దాటిపోవుటకు తగిన అవకాశములు కలుగునని. ఈ కారణము అబద్ధము కాదు గాని బలహీనమైనది. ఇది చదివిన ఇంజనీరు మధ్యస్థ దూరమును ఒక సౌకర్యముగా భావించును. డబ్బు చాలనపుడు మొదట తెగిపోవునది సౌకర్యమే. రెండు వాహనములు ఎదురెదురుగా ఆగుటకును, రోడ్డు ఉపరితలము కనబడుటకును కావలసిన దూరమిదేయని చెప్పియుండినచో అది భద్రతగా గణింపబడియుండెడిది. లెక్క ఒకటియే, దానికి చెప్పిన కారణమును బట్టి దాని విలువ మారిపోయినది. కనీసము అను మాట కాగితముపై హద్దుగా పుట్టి, పనిలో గమ్యముగా మారుట సాంకేతిక ప్రమాణములన్నింటికిని పట్టు జబ్బు. ఆ జబ్బునకు మందు కారణమును స్పష్టముగా చెప్పుటయే.

అమెరికా వెళ్లిన దారి

వస్తువు ఎత్తును గూర్చిన చర్చ భారతదేశమునకే పరిమితము కాదు. అమెరికా రాష్ట్రముల రహదారి అధికారుల సంఘము 1954లో ప్రచురించిన విధానములో డ్రైవరు కన్ను 4.5 అడుగుల ఎత్తున, వస్తువు 4 అంగుళముల ఎత్తున ఉండెను. కార్లు రానురాను పొట్టివగుచుండుటచే 1965లో కంటి ఎత్తును 3.75 అడుగులకును, 1984లో 3.5 అడుగులకును తగ్గించిరి. వస్తువు ఎత్తు 1965లో 6 అంగుళములైనది. 2001లో ఒక్కసారిగా 2 అడుగులైనది.

మొదటి 4 అంగుళములు ఏ రాయినో కొలిచి నిర్ణయించినవి కావు. వస్తువు ఎత్తు సున్న అనుకొనుటకు బదులు 4 అంగుళములనుకొనినచో, 4.5 అడుగుల కంటికి, వంపు పొడవు నూటికి 38 వంతులు తగ్గును. తరువాత ఎత్తును పెంచిన కొలది లాభము అంతకంతకు తగ్గిపోవును. ఖర్చునకును చూపునకును కుదిరిన రాజీ అది. భారతదేశపు 1.2 మీటర్లు, 15 సెంటీమీటర్లు కూడ ఇట్టి రాజీయే. ఆ 15 సెంటీమీటర్ల వలన ఉదాహరణములోని వంపు 607 మీటర్ల నుండి 331 మీటర్లకు తగ్గినది.

2001 నాటి మార్పునకు ఆధారము 1997లో నేషనల్ కోఆపరేటివ్ హైవే రీసెర్చ్ ప్రోగ్రామ్ వెలువరించిన 400వ నివేదిక. రోడ్డుపై పడియున్న చిన్న వస్తువుల వలన కలుగు ప్రమాదములు బహు తక్కువయనియు, డ్రైవరు చూడవలసినది ముందున్న వాహనపు వెనుక దీపమనియు దాని వాదము. ఆ దీపము ఎత్తు 2 అడుగులు, అనగా 60 సెంటీమీటర్లు. కొత్త లెక్క ప్రకారము ఉదాహరణములోని వంపునకు 234 మీటర్లు చాలును. భారతీయ కనీసము కంటె ఇది దాదాపు 100 మీటర్లు తక్కువ.

ఈ వాదమును తేలికగా త్రోసివేయరాదు. అది పరిశీలనలపై ఆధారపడినది. కాని అది ఆ దేశపు రోడ్లకు చెందినది. అచ్చట రాత్రివేళ రోడ్డెక్కు ప్రతి వాహనమునకును వెనుక దీపము ఉండును. భారతదేశములో వెనుక దీపము గాని, మెరయు పలక గాని లేని ట్రాక్టరు ట్రాలీలు హైవేలపై నడచుచున్నవి. పశువులు తారుపై పడుకొనును. పల్లెలలో పంటలు రోడ్లపై ఆరుచున్నవి. కావున 60 సెంటీమీటర్లను అనుకరింపక 15 సెంటీమీటర్లను నిలుపుకొనుట వివేకమే. ఈ విషయములో భారతీయ గ్రంథము మెప్పునకు తగినది. అయితే ఏ కారణముచే అది మెప్పునకు తగినదో, ఆ కారణమే ఇంకొక అడుగు ముందుకు వేయుమని కోరుచున్నది.

ఖర్చు అను ఆక్షేపణ

పొడవు పెంచుమనుట సులభము. మట్టి త్రవ్వువానికి తెలియును దాని బరువు. రెండు వాలులు కలియు కొన నుండి రోడ్డును ఎంత దింపవలెనో చూడవలెను. 331 మీటర్ల వంపునకు నడుమ 1.86 మీటర్లు, 607 మీటర్ల వంపునకు 3.42 మీటర్లు, దాటు దూరమునకు కావలసిన 1,920 మీటర్ల వంపునకు 10.8 మీటర్లు త్రవ్వవలెను. 12 మీటర్ల వెడల్పున, ప్రక్క వాలులను విడిచి లెక్కించినచో, త్రవ్వవలసిన మట్టి క్రమముగా సుమారు 2,470, 8,300, 82,900 ఘనపు మీటర్లు. పొడవు పెరిగిన కొలది మట్టి దాని వర్గమును బట్టి పెరుగును. పొడవు 1.83 రెట్లైన మట్టి 3.36 రెట్లగును.

ఈ సంఖ్యలు చూచిన తరువాత ప్రతి మిట్టపైనను దాటు దూరమును కోరుట అవివేకమని తేలును. 33 రెట్లు మట్టి త్రవ్వుటకు బదులు అచ్చట దాటరాదని తెలుపు గీతను రోడ్డుపై గీయవచ్చును. మధ్యస్థ దూరము సంగతి వేరు. 3.36 రెట్లు కూడ చిన్న ఖర్చు కాదు. కాని అది సాధ్యాసాధ్యముల హద్దులో ఉన్నది. మెత్తని నేలలో అది న్యాయమైన ఖర్చు. రాతి గుట్టను పగులగొట్టవలసినచోట కాకపోవచ్చును.

ఖర్చు భరింపరానిచోట మిగిలిన మార్గము వేగము. 331 మీటర్ల వంపుపై రోడ్డు కనబడు దూరము 133 మీటర్లని పైన తేలినది. గంటకు 80 కిలోమీటర్ల వేగమునకు అదే సూత్రము ప్రకారము ఆగుటకు 128 మీటర్లు చాలును. కావున 100 కిలోమీటర్లకు కనీసముగా కట్టిన మిట్ట, 80 కిలోమీటర్లకు గుంటల నుండియు, ఎదురు వాహనముల నుండియు కూడ రక్షణ ఇచ్చును. మిట్టకు ముందు వేగపు హద్దును తెలుపు బోర్డు, రోడ్డు నడుమ ఎడతెగని గీత, వీలైనచోట మధ్య గట్టు, ఇవి మట్టి కంటె చౌక. కాని బోర్డును చూచి ఎందరు వేగము తగ్గింతురన్నది వేరు ప్రశ్న. మట్టి త్రవ్వి ఇచ్చిన చూపు డ్రైవరు విధేయతపై ఆధారపడదు, బోర్డు ఆధారపడును.

ఇంకొక చిక్కు కూడ కలదు. వంపు పొడవైన కొలది నడుమ సమతలముగా ఉండు భాగము పెరుగును. అంచులకు రాతి కట్టు ఉన్న రోడ్డుపై అచ్చట వాననీరు నిలుచును. ఉదాహరణములో వాలు నూటికి 0.3 కంటె తక్కువగా ఉండు భాగము 331 మీటర్ల వంపులో 44 మీటర్లు. 607 మీటర్ల వంపులో 81 మీటర్లు. అంచు కట్టు లేని పల్లె ప్రాంతపు రోడ్డుపై నడుమ నుండి ప్రక్కలకు గల వాలు చాలును. పట్టణ సమీపమున మురుగు పారుదలను ప్రత్యేకముగా చూచుకొనవలెను.

పల్లపు వంపు, రాత్రి వెలుతురు

పల్లపు వంపులో పగటివేళ చూపునకు అడ్డు లేదు. రాత్రి మాత్రము వాహనము దీపము ఎంతవరకు వెలిగించునో అంతవరకే కనబడును. దీపము 0.75 మీటర్ల ఎత్తున ఉండి, దాని కాంతి ఒక డిగ్రీ పైకి వ్యాపించునని గ్రంథము స్వీకరించును. ఆ లెక్క ప్రకారము ఉదాహరణములోని వాలు భేదమునకు పల్లపు వంపు పొడవు 187 మీటర్లు. సుఖమును మాత్రమే చూచినచో 80 మీటర్లు చాలియుండెడివి. రాత్రి ప్రయాణికుని దృష్టిలో ఉంచుకొని పొడవును రెట్టింపునకు పైగా పెంచిన ఈ నియమము గ్రంథములోని మంచి భాగములలో ఒకటి.

అయితే ఆ ఒక డిగ్రీ ఇప్పుడు పరీక్షకు నిలువదు. నేటి వాహనములలో దించిన దీపపు కాంతి ఎదుటివాని కండ్లలో పడకుండుటకై పైవైపున కత్తిరించినట్లు ఆగిపోవును. దానిని క్షితిజ సమాంతరమునకు కొంచెము క్రిందికే అమర్తురు. పైకి వ్యాపించు కాంతి లేదని లెక్కించినచో అదే వంపునకు 972 మీటర్లు కావలసియుండును. అంత పొడవున కట్టుమనుట ఎవ్వరికిని సాధ్యము కాదు. దీపమును ఎత్తి నడపునపుడు పాత లెక్క చెల్లును. ఎదురు వాహనము ఉన్నపుడు చెల్లదు. దీపముల తయారీ మారినపుడు రోడ్డు లెక్కను తిరిగి చూడవలెనని ఈ సంఖ్య గుర్తుచేయుచున్నది. పల్లములలో అంచున మెరయు గుర్తులు నాటుట, వాహనముల వెనుక మెరయు పలకలను కచ్చితముగా పెట్టించుట, ఇట్టి ఉపాయములే అచ్చట పొడవు కంటె ఎక్కువ ఉపకరించును.

తరగతిలో చేయదగిన పని

ఈ విషయమును బోధించుటకు గ్రాఫు కాగితము, స్కేలు చాలును. అడ్డముగా ఒక సెంటీమీటరు 20 మీటర్లకును, నిలువుగా ఒక సెంటీమీటరు ఒక మీటరుకును గుర్తుగా తీసికొని 331 మీటర్ల వంపును గీయవలెను. అది పదహారున్నర సెంటీమీటర్ల వెడల్పున వచ్చును. వంపుపై ఒక చోట 1.2 సెంటీమీటర్ల ఎత్తున కన్నును గుర్తించి, అచ్చటనుండి స్కేలును వంపునకు తాకునట్లు పెట్టినచో, తాకిన చోటికి ఆవల రోడ్డు ఏ విధముగా మాయమగుచున్నదో విద్యార్థికి స్వయముగా కనబడును. రెండు కొలతలు వేరైనను సరళరేఖ సరళరేఖగనే, స్పర్శరేఖ స్పర్శరేఖగనే ఉండును గనుక పటము అబద్ధమాడదు. తరువాత 607 మీటర్ల వంపును గీచి, రెండు కండ్ల మధ్య రేఖ సగములో రోడ్డును తాకుటను చూపవలెను. కన్ను ఎత్తును 1.08 మీటర్లకు తగ్గించి చూచినచో పొట్టి కారులో కూర్చున్నవానికి చూపు ఎంత తగ్గునో తెలియును.

‘వర్టికల్ కర్వ్స్ ఫర్ హైవేస్’ నమ్మదగిన గ్రంథము. దానిలోని సూత్రములు సరియైనవి; 15 సెంటీమీటర్ల ఎంపిక ఈ దేశపు రోడ్లకు తగినది. దానిని అనుసరించువారు కనీసపు పట్టికను తెరచి అచ్చటనే ఆగిపోక, మధ్యస్థ దూరపు పట్టికను మొదట తెరచి, అది ఏల సాధ్యము కాదో వ్రాతమూలముగా చూపిన తరువాతనే కనీసమునకు దిగవలెను. అట్లు దిగినపుడు ఆ మిట్టకు 80 కిలోమీటర్ల బోర్డును, నడుమ గీతను విధిగా జతపరుపవలెను. గ్రంథమును తిరిగి వ్రాయువారు 360 మీటర్ల ప్రక్కన, దాటుటకు అవకాశము అను మాటకు ముందుగా, రోడ్డు కనబడుటకు కావలసిన దూరము అను మాటను చేర్చినచో ఈ కోరిక సగము నెరవేరినట్లే.